పర్మిషన్ వచ్చేలోగా

గిడియన్ మళ్ళీ పక్కకి తిరిగి చూశాడు. పక్క కుర్చీలో ఎవరూ లేరు. ఇది ఎన్నోసారో. ఛ, మెడకి పట్టిన అలవాటు, బుర్ర చెబితే వింటుందా? పద్నాలుగు నెలలుగా పక్కన ఇంకో తెల్లచొక్కా లేకుండా అతనెక్కడా కూర్చోలేదు. కూర్చోకూడదు. మిషన్‌లో ఉన్నన్నాళ్ళూ జోడీని కంటికి కనబడనంత దూరం, చెవికి వినబడనంత దూరం పోనివ్వకూడదని రూలు. స్నానానికి వెళితే తలుపు బయట, బస్సెక్కితే పక్క సీటు, పడుకుంటే ఎదుటి మంచం. ఆ రూలు ఇవాళ ఎమర్జెన్సీ వార్డు తలుపుల దగ్గర ఆగిపోయింది. రెండుంబావుకి తన జోడీ నోవాని స్ట్రెచరు మీద లోపలికి తోసుకుపోయారు, వెనకాలే వెళ్ళబోతే ఎవరో భుజమ్మీద చెయ్యేసి "నాట్ యూ మేట్, వెయిట్ హియర్" అన్నారు. మెత్తగానే అన్నారు. ఇప్పుడు గోడ గడియారంలో మూడు కావడానికి ఐదు నిమిషాలుంది. ఒళ్ళో మిషన్ ఫోను, లోకమంతా ఎప్పుడో పారేసిన మడత ఫోను, మూసుకుని పడుంది. అది మోగాలి. సిస్టర్ వీట్లీ చెయ్యాలి. నోవా వాళ్ళమ్మకి ఫోను చేసి, మీవాడు ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పొచ్చా అని అడిగి పావుగంటైంది. మిషన్ ప్రెసిడెంటుగారిని కనుక్కుని చెబుతాను, అందాకా చెయ్యకు అంది ఆవిడ. అలాగే సిస్టర్ అన్నాడు. అలాగే అన్నాడు, చూడండి! కన్నతల్లికి కబురు చెప్పడానికి పర్మిషన్ అడిగినవాడు, అలాగే అనక ఇంకేమంటాడు.

చొక్కా జేబు మీద నల్ల బిళ్ళ, దాని మీద తెల్ల అక్షరాలు, ఎల్డర్ మద్దిరాల. ఎల్డర్ అంటే పెద్ద. ఇరవై ఒకటి నిండని గిడియనూ పెద్దే, మొన్న ఫిబ్రవరిలో పంతొమ్మిది నిండిన నోవా, ఎల్డర్ నేలపూడి, వాడూ పెద్దే. మీసాలు సరిగ్గా రాని పెద్దలు. అమెరికావాళ్ళు పెట్టిన సంఘం వాళ్ళది, ఈడొచ్చిన కుర్రాడు చదువు పక్కనబెట్టి రెండేళ్ళు సువార్త సేవకి వెళ్ళాలి, దాన్నే మిషన్ అంటారు, ఎక్కడికన్నది పైవాళ్ళు ఉత్తరంలో రాస్తారు. కాకినాడలో ఇంజినీరింగు రెండో ఏడు సగంలో ఉండగా గిడియన్‌కి సిడ్నీ అని వచ్చింది. రాజమండ్రిలో వాళ్ళ నాన్న వీధి వీధంతా లడ్డూలు పంచాడు, వీసా ఆఫీసు చుట్టూ తిరిగే మేనమామ కొడుకు కుళ్ళుకుని చచ్చాడు. నోవాది ముమ్మిడివరం, డిగ్రీ మొదటేడు, తండ్రి లేడు, వాళ్ళమ్మ ఎవా బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతుంది. సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లో ఏ అపార్ట్‌మెంటు తలుపు కొట్టినా తెలుగు స్టూడెంటో తెలుగు నర్సో తీస్తున్నారని, తెలుగువాళ్ళిద్దరైతే పని జరుగుతుందని ప్రెసిడెంటుగారికి తోచి, జనవరిలో ఇద్దరినీ జోడీ కట్టి, గిడియన్‌ని సీనియర్‌ని చేశారు. సీనియర్ అంటే మరేం లేదు, ఫోను అతని జేబులో ఉంటుంది. మొదటిరోజే నోవా ఆ ఫోను వంక చూసి, "అన్నయ్యా, దీంట్లో పాటలు రావా?" అన్నాడు. గిడియన్ నవ్వలేదు. అన్నయ్యా అనకు, ఎల్డర్ మద్దిరాల అను, అన్నాడు. ఎంత పెద్దరికమో!

దాహంతో మొదలైంది. ఏప్రిల్ ఆఖర్లో. తలుపులు కొట్టుకుంటూ నాలుగు వీధులు తిరిగేసరికి నోవా చేతిలో సీసా ఖాళీ, పార్కులో కుళాయి దగ్గర వంగి తాగుతాడు, ఎవరింట్లోనో పాఠం చెబుతుంటే మధ్యలో ఇంకో గ్లాసు అడుగుతాడు. గొంతు పిడచకట్టుకుపోతందన్నయ్యా అనేవాడు. తాగినదంతా పోవాలి కదా, రాత్రికి నాలుగైదుసార్లు లేచేవాడు, లేచినప్పుడల్లా రూలు ప్రకారం గిడియన్‌కీ మెలకువ రావాలి. విసుక్కున్నాడు. సాయంత్రం ఆరు దాటాక నీళ్ళు తాగొద్దని కట్టడి చేశాడు కూడా. దేవుడా, నీళ్ళు తాగొద్దన్నాడు! వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఈ ఆసుపత్రే, ఇంతెత్తున, రోజూ అంట్లు తోముతూ చూసేది దీన్నే. రోడ్డు దాటి పది నిమిషాలు నడిస్తే వచ్చేస్తుంది. కానీ ఒంట్లో బాగోకపోతే నడవాల్సింది ఇటు కాదు. ముందు సిస్టర్ వీట్లీకి ఫోను చెయ్యాలి. ఆవిడ ప్రెసిడెంటుగారి భార్య. డాక్టరు కాదు, నర్సు కాదు, వాళ్ళ ఊళ్ళో పిల్లలకి పియానో నేర్పేది. మూడేళ్ళు మిషన్ చూసుకోమని భర్తని పంపితే వెంట వచ్చింది, వచ్చినందుకు నూట డెబ్భై మంది కుర్రకారు దగ్గులూ జ్వరాలూ పుళ్ళూ ఆవిడ నెత్తిన పెట్టారు. ఆవిడ ఒక కాగితం ముందు పెట్టుకుని అడుగుతుంది, జ్వరముందా, రక్తం పడుతోందా, వాంతులా. అన్నిటికీ లేదంటే విశ్రాంతి, నీళ్ళు, ప్రార్థన. అవునంటే వేరే దేశంలో ఉన్న పెద్ద డాక్టరుగారికి రాస్తుంది, ఆయన జవాబిచ్చాక, అవసరమనిపిస్తే, అప్పుడు ఎదురుగా ఉన్న ఆసుపత్రి. మంచిది ఆవిడ. అదే ఒళ్ళు మండే సంగతి. క్రిస్మస్‌కి ఒక్కొక్కరికీ పేరు రాసి బనానా బ్రెడ్ పంపింది. తిట్టుకోవడానికి కూడా పనికిరాని మంచితనం.

మొదటి ఫోనులో గిడియన్ ఏం చెప్పాడు? "హి ఈజ్ ఎ లిటిల్ టయర్డ్, సిస్టర్." అంతే. కొంచెం అలసటట! మన ఇళ్ళల్లో అలాగే కదా పెంచుతారు, ఎవరైనా పెద్దవాళ్ళు ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానండి అనాలి, నలతగా ఉన్నా బాగానే ఉన్నానండి అనాలి, అసలు సంగతి అవతలివాళ్ళే కనిపెట్టి అడగాలి. రాజమండ్రిలో మేనత్తకైతే అది సరిపోతుంది, ఆవిడ కళ్ళు చూసి పట్టేస్తుంది. సిస్టర్ వీట్లీ మాట విని మాటే రాసుకుంది. కాగితంలో టయర్డ్ అనే గడి లేదు. ఇంటి మీద బెంగేమో అంది. అవునేమో సిస్టర్ అన్నాడు. ఆ వారం ప్రెసిడెంటుగారికి పంపే ఉత్తరంలో తన చేత్తో తనే రాశాడు, ఎల్డర్ నేలపూడి ఇంటి మీద బెంగతో పనిలో వెనకబడుతున్నాడు, నేను ప్రోత్సహిస్తున్నాను అని. ప్రోత్సహిస్తున్నాను! ఆ వారం పదకొండు పాఠాలు చెప్పాల్సింది ఆరే అయ్యాయి, జూన్‌లో తనని డిస్ట్రిక్ట్ లీడర్ని, అంటే నాలుగైదు జోడీల మీద పెద్దని, చేస్తారని అనుకుంటున్న రోజులు, ఆరెందుకయ్యాయో ఎవరి మీదకో నెట్టాలి కదా. నెట్టాడు. నోవా మీదకి నెట్టాడు.

అయితే నోవా కూడా చెప్పొద్దనే అన్నాడు. అది నిజం, ఈ ఒక్కటీ నిజం, దీన్ని పట్టుకుని వేలాడొచ్చు. "సిస్టర్‌గారికి గట్టిగా చెప్పకన్నయ్యా, ఇంటికి పంపేత్తారు." రెండేళ్ళు నిండకుండా ఇంటికి వెళ్ళడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. గిడియన్ వాళ్ళ సంఘంలోనే శాంసన్ అని ఒకడు ఫిలిప్పీన్స్ నుంచి ఏడు నెలలకే తిరిగొచ్చాడు. ఊపిరితిత్తుల్లో నీరు. ఆదివారం ఆరాధనయ్యాక ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు, జబ్బంటున్నారు గానీ అక్కడేం చేశాడో ఎవరు చూడొచ్చారు అని. కుదిరిన సంబంధం తప్పిపోయింది. శాంసన్ తల్లి ముందు బెంచీ వదిలేసి వెనక గోడ దగ్గర కూర్చోవడం మొదలెట్టింది. నోవాకి వాళ్ళమ్మ కూర్చునే చోటు గుర్తొచ్చి ఉంటుంది. మే మొదటి ఆదివారం ఉపవాసం వచ్చింది, ఇరవై నాలుగ్గంటలు తిండీ నీళ్ళూ రెండూ ఉండవు. నువ్వు ఉపవాసం ఉండకు అనే మాట గిడియన్ నోట్లోంచి వస్తుందేమోనని నోవా చూశాడు. రాలేదు. సాయంత్రం నాలుగింటికి చర్చి వెనక కుళాయికి నోరానించి వాడు తాగుతుంటే గిడియన్ వాచీ చూసి, ఇంకో గంట ఆగలేకపోయావా అన్నాడు. ఎందుకన్నాడు? ఎవడు పెట్టాడు ఆ మాట నోట్లో?

తలుపులు తెరుచుకున్నాయి. నీలం బట్టల్లో నడివయసు నర్సు, మెళ్ళో సన్నటి సిలువ, చేతిలో కాగితాల అట్ట. నల్ల బిళ్ళ మీద పేరు చదివి, "మద్దిరాల అంటే మనవాళ్ళేగా?" అంది. మరియరాణి, తెనాలి, ఇక్కడికొచ్చి పదహారేళ్ళైందట, ఇదంతా పక్క కుర్చీలో కూర్చుంటూనే చెప్పేసింది. ఆ కుర్చీలో మనిషి కూర్చోగానే గిడియన్‌కి ఏడుపొచ్చింది.

"చూడు బాబూ, షుగర్ ఎంతుందో మెషిన్‌లో నంబరు కూడా రావట్లా, హై అని మాత్రం వస్తోంది. బ్లడ్ అంతా యాసిడ్ అయిపోయింది. డాక్టర్స్‌కి హిస్టరీ కావాలి. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాడు?"

"నాలుగైదు రోజులండి."

అనేశాడు. ఆలోచించుకుని కూడా అనలేదు, దానంతట అదే వచ్చేసింది, టయర్డ్ అన్న నోరే ఇదీ అంది. మరియరాణి రాసుకోలేదు. పెన్ను పట్టుకుని అతని ముఖం చూసింది. దాహం ఎప్పట్నుంచి, బరువు తగ్గాడా, ఊపిరిలో మగ్గిన పండు వాసనొచ్చిందా. వచ్చింది. చూయింగ్ గమ్ నములుతున్నావా అని గదమాయించాడు కూడా, మిషన్‌లో ఉండి ఆ నమలడమేంటి, జనం ఏమనుకుంటారు అని.

"టాయిలెట్‌లో చీమలు పట్టాయా?"

పట్టాయి. కుండీ చుట్టూ సన్నటి నల్లచీమలు, వరసగా, పొద్దున్నే. గిడియన్ సూపర్‌మార్కెట్‌కెళ్ళి నిమ్మ వాసనొచ్చే స్ప్రే కొనుక్కొచ్చి కొట్టాడు. సరిగ్గా గురి చూసుకుని పొయ్యలేవా, చిన్నపిల్లాడివా అని నోవాని తిట్టి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తుడిపించాడు. వాడు తుడిచాడు. తుడుస్తూ గోడ పట్టుకుని లేచాడు. మూడుసార్లు స్ప్రే కొట్టాడు గిడియన్, రెండో డబ్బా కూడా తెచ్చాడు. ఊళ్ళో ఏ ముసలమ్మ చూసినా చెప్పేసేది. ఇంజినీరింగు రెండో ఏడు దాకా చదివినవాడికి తెలియలేదు.

"పట్టాయండి," అన్నాడు. "నాలుగైదు రోజులు కాదండి. పద్దెనిమిది రోజులు."

ఆవిడ రాసుకుంది. తిట్టలేదు. "ఇంత దగ్గర్లో ఉండి ఎందుకు తీసుకురాలా?" అని మాత్రం అడిగింది. గిడియన్ చెప్పబోయాడు, సిస్టర్ వీట్లీ, కాగితం, వేరే దేశంలో డాక్టరు, అన్నీ వరసగా మనసులో పేర్చుకున్నాడు, తీరా నోరు తెరిచేసరికి అవన్నీ బొత్తిగా సిగ్గులేని మాటల్లా తోచాయి. "పర్మిషన్ రాలేదండి," అన్నాడు. మరియరాణి పెన్ను మూసి, వాళ్ళమ్మ నంబరుందా అంది. ఇంగ్లీషులో డాక్టరు చెబితే ఆవిడకేం అర్థమవుతుంది, మన భాషలో మనం చెప్పడం మంచిది, నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అంది. తన సెల్లు తీసి ముందుకు చాపింది కూడా. నంబరు గిడియన్ పుస్తకంలో ఉంది, జేబులోనే. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. "అడిగానండి, చెబుతామన్నారు, ఇప్పుడే చేస్తారు," అన్నాడు. "ఎవర్ని అడిగావు బాబూ?" అని ఆవిడ అర్థంకాక అడుగుతుండగానే లోపల్నుంచి ఎవరో రాణీ అని కేకేశారు, ఆవిడ సెల్లు జేబులో వేసుకుంటూ పరిగెత్తింది.

పరిగెత్తింది. నర్సులు మామూలుగా పరిగెత్తరు కదా. గిడియన్ తలుపుల వంక చూస్తూ కూర్చున్నాడు. మూడుంబావు. అక్కడ ఊళ్ళో పొద్దున్న పది ముప్పావు, ఈ ఏడు ఎండాకాలం సెలవుల్లోనూ బళ్ళో భోజనం పెడుతున్నారట, ఎవా ఆంటీ పెద్ద గిన్నెలో పప్పు కలుపుతూ ఉంటుంది. తొమ్మిది రోజుల కిందటే చూశాడు ఆవిడని, మదర్స్ డే నాడు. ఏడాదికి రెండే ఫోన్లు ఇంటికి, క్రిస్మస్‌కొకటి, తల్లుల పండక్కొకటి, మిగతా రోజుల్లో వారానికో ఈమెయిల్. సంఘంలో ఒకాయన ఇంట్లో కంప్యూటరు ముందు నోవాని కూర్చోబెట్టారు, పక్కన గిడియన్, జోడీ వినేంత దూరంలో ఉండాలి కదా. అక్కడ ఎవరిదో సెల్లులో ఆవిడ ముఖం, సగం నుదురు, సగం పైకప్పు. ఏరా నాన్నా, చిక్కిపోయావేంట్రా, అంది మొదటే. నోవా గిడియన్ వైపు చూశాడు. ఆ చూపు! అందులో అడగడం ఉంది, చెప్పెయ్యనా అని. గిడియన్ తల అడ్డంగా ఊపాడు. కొంచెమే ఊపాడు, కెమెరాకి అందకుండా. ఇంట్లోవాళ్ళని కంగారు పెట్టకూడదు, ఏడు సముద్రాల అవతల ఉన్న మనిషి ఏం చేస్తుంది, ఏడవడం తప్ప. అందరూ అనే మాటే. హాస్టల్లో జ్వరమొస్తే తనూ ఇంట్లో చెప్పేవాడు కాదు, అదో మంచితనమనుకునేవాడు. "ఏం లేదమ్మా, ఇక్కడ నడక ఎక్కువ," అన్నాడు నోవా. ముప్పావుగంట మాట్లాడాడు, బళ్ళో కొత్త హెడ్‌మాస్టరు గురించి, పక్కింటి మేక గురించి. మధ్యమధ్య గ్లాసెత్తి తాగాడు. బయటికొచ్చాక బస్టాపులో, "బాగానే మాట్లాడానా అన్నయ్యా?" అన్నాడు. బాగా మాట్లాడావన్నాడు గిడియన్. ఆ ఒక్కరోజే వాడిని మెచ్చుకున్నాడేమో, నాలుగు నెలల్లో.

మోగవేం, మోగవే. ఫోను మూత తెరిచాడు, సిగ్నలుంది, మూసేశాడు. రెండోసారి సిస్టర్‌కి చేసినప్పుడు, అది పోయిన గురువారం, వాంతులవుతున్నాయని చెప్పాడు, ఆ మాట కాగితంలో ఉంది కాబట్టి ఆవిడ కదిలింది, డాక్టరుగారికి రాస్తానంది, ఈలోపు నీరసం పోవడానికి స్పోర్ట్స్ డ్రింకు బాగా పట్టించమంది. గిడియన్ ఆరు సీసాలు తెచ్చాడు. నీలం రంగు నీళ్ళు, పాకంలా తియ్యగా. మంచం పక్కన కూర్చుని తలెత్తి పట్టుకుని తాగించాడు, అప్పుడు మాత్రం ప్రేమగా, అన్నయ్యా అన్నా కసురుకోకుండా. ఇంకొంచెం, ఇంకొంచెం తాగరా. పంచదార! ఇంట్లో వాళ్ళమ్మ ఉంటే మజ్జిగిచ్చేది. శత్రువు కూడా చెయ్యని పని ప్రేమగా చేశాడు. శుక్రవారం జవాబు రాలేదు, శనివారం అక్కడ సెలవు, ఆదివారం ఆరాధన, సోమవారం పొద్దున్న సిస్టర్ చేసి, డాక్టరుగారు బుధవారం దాకా చూద్దామన్నారంది. ఇవాళ మంగళవారం.

ఇవాళ పొద్దున్న తాళాల గుత్తికి వేలాడే అభిషేకం నూనె సీసా మూత తీసి, నోవా నడినెత్తి మీద ఒక్క చుక్క వేసి, రెండు చేతులూ పెట్టి గిడియన్ ఆశీర్వదించాడు. నీవు లేచి నడిచి నీ పని ముగించెదవు అన్నాడు. ఆ మాట తనే అన్నాడో, పైనుంచి వచ్చిందో అప్పుడు అనుమానం రాలేదు. వాడు నిజంగానే లేచాడు. టై కట్టుకున్నాడు, ముడి రాక గిడియనే కట్టాడు. వంశీధర్ ఇంట్లో ఒంటిగంటకి పాఠం ఉంది, పోగొట్టుకోకూడదు, వారం లెక్కలో అదొక్కటే మిగిలింది. వంశీధర్ ఫార్మసీ చదువుతున్నాడు, వరంగల్‌వాడు, దేవుడంటే పెద్ద పట్టింపు లేకపోయినా తెలుగు మాట్లాడొచ్చని వీళ్ళని రానిస్తాడు. తలుపు తీసి నోవాని చూసి, "ఏందన్నా ఇట్లున్నడు? గా శ్వాస ఏంది?" అన్నాడు. నోవా పరిగెత్తి వచ్చినవాడిలా రొప్పుతున్నాడు. వచ్చింది నడిచి, అదీ నిదానంగా. చెప్పులు విప్పబోయి అక్కడే గుమ్మంలో కూలబడ్డాడు. వంశీధర్ సెల్లు తీసి మూడు సున్నాలు కొట్టాడు. అంబులెన్స్ అని అరుస్తున్నాడు, అడ్రసు చెబుతున్నాడు, నోవా తలకింద చెయ్యి పెట్టాడు, అన్నీ వాడే. మరి గిడియన్? గిడియన్ కూడా ఫోను చేశాడు. సిస్టర్ వీట్లీకి. అంబులెన్స్ పిలవచ్చా అని అడగడానికి. వంశీధర్ ఆ సంగతి కనిపెట్టి, "నీకేమన్న పిచ్చా అన్నా?" అన్నాడు. తిట్టినట్టు అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అన్నాడు. అవును, పిచ్చే. పిచ్చి కాకపోతే ఇప్పుడీ కుర్చీలో చేస్తున్నదేమిటి? అక్కడ తల్లి ఉంది. ఇక్కడ నంబరుంది. నర్సు సెల్లు ఇస్తానంది. మూడు నిమిషాల పని. కొడుకు చెవి దగ్గర ఫోను పెడితే ఆవిడ ఒక మాట చెప్పేది, వాడు వినేవాడేమో, స్పృహ లేకపోయినా వినపడుతుందంటారు. లేదు, పర్మిషన్ రావాలి. పర్మిషన్ కోసమేనా? నిజం చెప్పుకో. ఆవిడ అడిగే మొదటి ప్రశ్నేమిటో నీకు తెలుసు, ఎన్నాళ్ళయింది బాబూ అని. దానికి జవాబు చెప్పే పని ప్రెసిడెంటుగారు చేస్తే, మంచి ఇంగ్లీషులో, మంచి మాటల్లో, నీ పేరు రాకుండా చేస్తే బాగుండునని కదూ ఎదురుచూస్తున్నావు. సిగ్గులేని వెధవ.

మూడున్నరకి మళ్ళీ సిస్టర్‌కి చేశాడు. ప్రెసిడెంటుగారు నాయకుల మీటింగులో ఉన్నారు, చీటీ పంపాను, నువ్వు ధైర్యంగా ఉండు ఎల్డర్, మేమందరం ప్రార్థిస్తున్నాం, అంది. ఆవిడ ఏడ్చిందని గొంతులో తెలుస్తోంది. అయినా సరే, వాళ్ళమ్మకి ఫోను చెయ్యి అనలేదు. గిడియన్ లేచి తలుపుల దాకా వెళ్ళాడు. ఇక చాలు, రాణి ఆంటీ వస్తే సెల్లు అడిగి చేసేస్తాను, ఏమైతే అదవుతుంది, పంపేస్తే పంపేస్తారు, మా అమ్మ కూడా వెనక గోడ దగ్గర కూర్చుంటుంది, కూర్చోనీ. ఈ మాట అనుకున్నాక ఒళ్ళు తేలికైంది, గట్టిగా ఊపిరి కూడా ఆడింది. ఎదురుగా ఒక పసిపిల్ల తల్లి భుజమ్మీంచి అతని బిళ్ళని చూసి చెయ్యి చాపింది. గిడియన్ నవ్వాడు. నవ్వొచ్చింది కూడా.

నాలుగు కావస్తుండగా తలుపులు తెరుచుకుని మరియరాణి వచ్చింది. వెనక డాక్టరు, పొడుగ్గా, వయసులో చిన్నది, జుట్టు చెదిరిపోయి. ఇద్దరూ నెమ్మదిగా నడుస్తున్నారు. గిడియన్ ఆ నడక చూశాడు. పక్కగదిలోకి రమ్మన్నారు, అక్కడ సోఫా, టిష్యూల పెట్టె. డాక్టరు ముందుకు వంగి ఇంగ్లీషులో చెప్పింది, గుండె ఆగింది, నలభై నిమిషాలు ప్రయత్నించాం, ఐ యామ్ సో సారీ. యాసిడ్ అంది, పొటాషియం అంది, ఇంకో వారం ముందు వచ్చి ఉంటే అని మొదలెట్టి, అతని ముఖం చూసి ఆపేసింది. మరియరాణి అతని చెయ్యి పట్టుకుంది. "పోయాడు నాన్నా," అంది. తెలుగులో అనేసరికి అది నిజమైంది. నలభై నిమిషాలు. అంటే నర్సు పరిగెత్తినప్పుడు. తను సిగ్నలుందో లేదో చూసుకుంటున్నప్పుడు.

అప్పుడు మోగింది ఫోను.

మోగుతుంటే ముగ్గురూ దాని వంక చూశారు. గిడియన్ తీశాడు, అలవాటు. సిస్టర్ వీట్లీ ఊపిరి పీల్చుకుని గబగబా చెప్పింది, ప్రెసిడెంటుగారు ఒప్పుకున్నారు, నువ్వు వాళ్ళమ్మకి చెయ్యొచ్చు, పది నిమిషాలకి మించకుండా, విశ్వాసం పెంచే మాటలు చెప్పు, ఆవిడని భయపెట్టకు, సరేనా ఎల్డర్? గిడియన్‌కి కేకలు పెట్టాలనిపించింది. ఆవిడ బనానా బ్రెడ్ మీద, ఆ కాగితం మీద, ఎవరెవరి మీదో అరవాలనిపించింది. తీరా గొంతులోంచి వచ్చింది, "హి డైడ్, సిస్టర్," అని. అవతల ఆవిడ ఓ అంది, ఓ నో, ఓ నో, చిన్నపిల్లలా. వింటూ మూత మూసేశాడు. జేబు మీద బిళ్ళ పీకి సోఫా మీద పెట్టాడు, దాని పిన్ను తగిలి చొక్కా చిరిగింది. పుస్తకం తీసి మరియరాణికి ఇవ్వబోయి, ఇవ్వలేదు. "మీ సెల్లు ఇవ్వండి ఆంటీ. నేనే చెప్తాను."

రెండు రింగులకే ఎత్తింది. వెనక గరిటెల చప్పుడు, పిల్లల గోల. "ఎవరండీ? నోవా? నాన్నా, నువ్వేనా? మళ్ళీ క్రిస్మస్‌కి గదరా అన్నారు?"

"నేను ఆంటీ, గిడియన్‌ని."

"ఆయ్, మీరా బాబూ! బాగున్నారా? ఉండండుండండి, పొయ్యికాడ గోలగా ఉంది, ఇటొత్తాను." నడుస్తున్న చప్పుడు, ఆయాసం. "చెప్పండి బాబూ. ఆడు బాగున్నాడా? ఆరోజు కంప్యూటర్లో చూసినకాణ్ణించీ నాకు మనసు మనసులో లేదు. నా ఎదురుగానే మూడు గళాసులు తాగేడు. మా అయ్యకీ ఇలాగే ఉండేది, సుగరుతోనే పోయేడు. అడుగుదామని నోటిదాకా వచ్చింది బాబూ. మీరు పక్కనే ఉన్నారు గదా, సదువుకున్నోరు, నాకు తెలిసింది మీకు తెలీదా అని ఊరుకున్నాను. ఏదీ, ఒక్కసారి ఆడికియ్యండి."

గిడియన్ గోడకి ఆనుకున్నాడు. మరియరాణి అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. "ఆంటీ," అన్నాడు, "నోవాకి షుగరే. పద్దెనిమిది రోజులు జబ్బుగా ఉన్నాడు. మీకు చెప్పొద్దని నేనే సైగ చేశాను. ఆసుపత్రికి నేను తీసుకురాలేదు. ఇప్పుడే పోయాడు ఆంటీ."

అవతల ఎవరో పిల్ల, "అత్తా, పప్పు పొంగిపోతంది," అని అరిచింది.

"ఆ, వత్తన్నా," అని ఆ పిల్లకి జవాబు చెప్పి, "ఇక్కడ గోల బాబూ, ఏమన్నారో సరిగ్గా వినపళ్ళేదు. మళ్ళీ చెప్పండి," అంది ఎవా.

గిడియన్ మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు.